34 ఫారాలకు ఒకే మ్యాక్రో రాశాను, తీసేయమంటున్నారు

హైదరాబాద్‌లో ఒక పేమెంట్స్ కంపెనీలో పనిచేస్తున్న పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కంపెనీ పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తూ, ముఖ్యమనిపించిన చోట ఆమె మాటలే ఉంచాను.

ఆమెకు 29 ఏళ్ళు. సొంతూరు భీమవరం దగ్గర పల్లె. ఈ కంపెనీలో చేరి నాలుగేళ్ళయింది. చిన్న షాపుల వాళ్ళను చేర్చుకుని, కస్టమర్లు కట్టిన డబ్బును వాళ్ళ బ్యాంకు ఖాతాలో వేయడం కంపెనీ పని. సర్వర్ కోడంతా ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది, డేటాబేస్ వైపు పని ఎక్టో లైబ్రరీ చూసుకుంటుంది. షాపు నమోదు, యజమాని వివరాలు, ఖాతా మార్పు, ఏజెంట్ నమోదు ఇలా మొత్తం 34 ఫారాలున్నాయి. ఒక్కో ఫారానికి ఒక మాడ్యూల్. అన్నింట్లోనూ అదే వరస: వచ్చిన డేటాను క్యాస్ట్ చేయడం (ఫీల్డుకు తగ్గ రకంలోకి మార్చుకోవడం), తప్పనిసరి ఫీల్డులు నింపారో లేదో చూడటం, మొబైల్ నంబరుకు పది అంకెలు, పిన్ కోడ్‌కు ఆరు, పాన్‌కు పది అక్షరాలు, ఐఎఫ్‌ఎస్‌సీకి (బ్యాంకు బ్రాంచి కోడ్) పదకొండు, జీఎస్టీ నంబరుకు పదిహేను సరిచూడటం. "కొత్త ఫారం రాయాలంటే పాతది కాపీ చేసి పేర్లు మార్చడమే మా పద్ధతి" అని రాశారు.

గత ఏడాది ఆ పద్ధతి దెబ్బ కొట్టింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, పాత చెక్కుబుక్కు చూసి ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసే షాపుల వాళ్ళు ఇంకా ఉన్నారట. ఆ కోడ్ వస్తే ఫారం దగ్గరే ఆపేయాలని రూలు పెట్టారు. బ్యాంకు వివరాలు అడిగే ఫారాలు పదకొండు. తొమ్మిదింట్లో పెట్టారు, రెండింట్లో మర్చిపోయారు. ఆ రెండు దారుల్లో వచ్చిన షాపుల డబ్బు రెండు రోజులు ఆగిపోయింది. "ఒక కిరాణా షాపాయన ఫోన్లో ఏడ్చినంత పని చేశారు. పాలు పోసేవాళ్ళకి పొద్దున్నే ఇవ్వాలమ్మా అన్నారు. ఆ మాట నా బుర్రలోంచి పోవడం లేదు."

ఆ తర్వాత రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని ఆమె ఒక మ్యాక్రో, అంటే కోడ్‌ను పుట్టించే కోడ్, రాశారు. 160 లైన్లు. ఫారం మాడ్యూల్లో పైన ఒక 'యూజ్' లైను, కింద ఫీల్డుల జాబితా ఉంటే చాలు, మిగతా కోడంతా కంపైల్ సమయంలో అదే పుట్టిస్తుంది. 1100 లైన్లు పోయాయి. టీమ్ లీడ్ సెలవులో ఉండగా ఇంకో సీనియర్ చూసి సరేనన్నారు, మెర్జ్ అయిపోయింది, అంటే అసలు కోడ్‌లో కలిసిపోయింది.

సంక్రాంతికి ఆమె ఊరెళ్ళారు. భోగి రోజు డ్యూటీలో ఉన్న జూనియర్ కుర్రాడికి ఒక ఫారంలో ఒకే ఒక్క ఫీల్డు కలిపే పని పడింది. "అక్కా, ఎర్రర్ యూజ్ లైను దగ్గర చూపిస్తోంది. ఆ లైన్లో ఏమీ లేదు. వ్యాలిడేట్ చేసే ఫంక్షన్ ఎక్కడుందని రిపో మొత్తం వెతికినా దొరకట్లేదు" అని ఫోన్ చేశాడు. సిగ్నల్ కోసం డాబా మీద నిలబడి ఆమె చెబుతూ ఉంటే, ఆ పని పూర్తవడానికి ఆరు గంటలు పట్టింది. పండగ అయ్యాక లీడ్ అందరి ముందూ అన్న మాట: "ఇది తెలివి చూపించుకోవడానికి రాసిన కోడ్. తీసేసి పాతదే పెట్టెయ్."

ఆమె ప్రశ్నలు ఇవి. "ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో మ్యాక్రో రాయడం తప్పా? అదే తప్పు చేయించిన ఆ 1100 లైన్లను మళ్ళీ నా చేత్తో ఎలా పెట్టను? మా ఆయన, జీతం వస్తోంది కదా వదిలెయ్ అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. పోట్లాడాలా, ఊరుకోవాలా, ఉద్యోగం మానెయ్యాలా?"

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మ్యాక్రో కాదు, ఆ షాపాయన మాట. మీరు రెండు వారాలు సాయంత్రాలు కూర్చున్నది ఆ మాట కోసమే. కానీ ఈ సంగతి మీ లీడ్‌తో చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన సెలవు నుంచి వచ్చేసరికి 34 ఫైళ్ళు మారిపోయి ఉన్నాయి, అందులో తనకు తెలియని 160 లైన్లున్నాయి. మీకు అందులో పాలు పోసేవాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు కనిపిస్తుంటే, ఆయనకు పండగ రోజు ఆరు గంటలు తల పట్టుకున్న కుర్రాడు కనిపిస్తున్నాడు. ఇద్దరూ చూస్తున్నది నిజమే.

ఆయన అన్న మాటలో రెండు ముక్కలున్నాయి. "తెలివి చూపించుకోవడానికి" అన్నది మీ మనసు మీద తీర్పు. అది అందరి ముందూ అనకూడని మాట. మీరు బాధపడటం సహజం. "తీసెయ్" అన్నది కోడ్ మీద అభ్యంతరం. అందులో బలం ఉంది. మొదటి ముక్క తగిలిన నొప్పిలో రెండో ముక్కను కూడా తోసెయ్యకండి. అలాగే, రెండో ముక్కలో న్యాయం ఉంది కదా అని మొదటిదాన్ని మింగి ఊరుకోవాల్సిన పనీ లేదు.

ఇక కోడ్ సంగతి. మీ 34 ఫైళ్ళలో రెండు రకాల రిపీటిషన్ కలిసిపోయి ఉంది. ఒకటి, వరస రిపీటవడం. క్యాస్ట్, తర్వాత తప్పనిసరి ఫీల్డుల తనిఖీ, తర్వాత ఫార్మాట్ తనిఖీలు, ఒకదాని కింద ఒకటి పైపు గుర్తులతో. ఇది కంటికి విసుగు, కానీ దీనివల్ల ఎవరి డబ్బూ ఆగలేదు. రెండోది, రూలు రిపీటవడం. ఐఎఫ్‌ఎస్‌సీ అంటే మొదట నాలుగు అక్షరాలు, ఐదోది సున్నా, తర్వాత ఆరు బ్రాంచి కోడ్, ఏఎన్‌డీబీ అయితే వద్దు అనే జ్ఞానం పదకొండు చోట్ల ఉండటం. డబ్బు ఆగింది దీనివల్ల. మీ మ్యాక్రో ఈ రెండింటినీ ఒకే దెబ్బకు తీసేసింది. రెండోదాన్ని తీయడం అత్యవసరం. మొదటిదాన్ని తీసినందుకే భోగి రోజు ఫోను మోగింది.

రూలును ఒక్కచోట పెట్టడానికి మ్యాక్రో అక్కర్లేదు, మామూలు ఫంక్షన్ చాలు. చేంజ్‌సెట్ (ఫారంలో వచ్చిన మార్పులు, తప్పులు పట్టి ఉంచే ఎక్టో విలువ) తీసుకుని, ఐఎఫ్‌ఎస్‌సీ సరిచూసి, చేంజ్‌సెట్ తిరిగిచ్చే ఫంక్షన్ ఒకటి రాస్తే పదకొండు ఫారాలూ దాన్ని పిలుచుకుంటాయి. ఎక్టోలోని తనిఖీలన్నీ అలాంటి ఫంక్షన్లే, అందుకే పైపులో ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటాయి. మీరు రాసింది కూడా వాటి పక్కన అలాగే కూర్చుంటుంది.

మరి మ్యాక్రో ఎప్పుడు కావాలి? నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను: ఈ పనికి విలువ చాలా, లేక కోడ్‌నే చూడాలా? ఎలిక్సిర్ టెస్టుల్లో వాడే 'అసర్ట్' తీసుకోండి. రెండు విలువలు సమానమా అని రాస్తాం, టెస్టు ఫెయిలైతే ఎడమ వైపు ఏముంది, కుడి వైపు ఏముంది అని విడివిడిగా చూపిస్తుంది. మామూలు ఫంక్షన్‌కు అది సాధ్యం కాదు, దాని చేతికి వచ్చేసరికి అవును, కాదు అన్న జవాబు మాత్రమే మిగులుతుంది. అసర్ట్ మ్యాక్రో కాబట్టి లెక్క జరగకముందే ఆ వాక్యాన్నే చూస్తుంది. 'ఇఫ్' కూడా ఎలిక్సిర్‌లో మ్యాక్రోయే. రెండు దారుల్లో ఒకదాన్ని అసలు నడపకుండా ఆపాలంటే కోడ్ చేతిలో ఉండాలి. లిస్ప్ అనే పాత భాషలోకి 1963లో తిమోతీ హార్ట్ ప్రతిపాదనతో మ్యాక్రోలు వచ్చినప్పటి నుంచీ వాటి బలం ఇదే. కాబట్టి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో మ్యాక్రో తప్పు కాదు. అయితే పాన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ నంబరు చాలు, దాన్ని రాసిన కోడ్ చూడక్కర్లేదు. మీ మ్యాక్రోలో చాలా భాగం ఈ పరీక్షలో నిలవదు.

మీ జూనియర్‌కు జరిగింది కూడా దీని కొనసాగింపే. 'కోట్' (మ్యాక్రో పుట్టించే కోడ్‌ను రాసే చోటు) లోపల రాసిన కోడ్‌లో తప్పొస్తే, మామూలుగా ఎలిక్సిర్ ఆ తప్పును మ్యాక్రోను పిలిచిన లైనుకు అంటగడుతుంది. అందుకే అతనికి యూజ్ లైను తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఫంక్షన్ పేరు వెతికితే దొరకలేదంటే, మీరు ఆ పేరును కూడా కంపైల్ సమయంలో ముక్కలు కలిపి తయారుచేశారన్నమాట. కోట్‌కు 'లొకేషన్ కీప్' అనే ఆప్షన్ ఇస్తే ఎర్రర్ మీ మ్యాక్రో ఫైల్లోని అసలు లైనును చూపిస్తుంది. కనీసం ఆ ఒక్క ముక్క ఉన్నా అతనికి సగం బాధ తప్పేది. ఇది మీరు నేర్చుకోవాల్సిన విషయం కాబట్టి చెప్పాను, నిందించడానికి కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మ్యాక్రోను ఉన్నదున్నట్టు ఉంచి పోరాడటం ఒకటి. గెలవచ్చు కూడా. గెలిస్తే ఆ 160 లైన్లకు మీరే శాశ్వత కాపలా. పండగైనా, జ్వరమొచ్చినా, రేపు కాన్పుకి పుట్టింటికి వెళ్ళినా ఫోను మీకే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మీ 34 మాడ్యూళ్ళూ కంపైల్ కావడానికి మ్యాక్రో ఫైలు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ఫైలు ముట్టుకుంటే 34 మళ్ళీ కంపైల్ అవుతాయి. మ్యాక్రో ఫైలు వేరే మాడ్యూళ్ళను పిలుస్తుంటే, వాటిలో మార్పు వచ్చినా అంతే. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చూపే 'మిక్స్ ఎక్స్‌రెఫ్' నడిపి చూడండి, ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఎలిక్సిర్ అధికారిక డాక్యుమెంటేషనే మ్యాక్రోను ఆఖరి మార్గంగా వాడమంటుంది. 1.16 వెర్షన్ నుంచి అందులో చేరిన యాంటీ ప్యాటర్న్స్ (మానుకోవాల్సిన పద్ధతులు) పేజీల్లో, అక్కర్లేని మ్యాక్రో గురించి, మ్యాక్రోతో పెద్దమొత్తంలో కోడ్ పుట్టించడం గురించి విడివిడిగా రాశారు. మీరు వాదనకు దిగిన రోజు ఎవరైనా ఆ పేజీ తెరిచి ముందు పెడితే మీ దగ్గర జవాబుండాలి.

లీడ్ అన్నట్టు పాత 1100 లైన్లనే వెనక్కి తేవడం ఇంకొకటి. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు. తొమ్మిదింట్లో పెట్టి రెండింట్లో మర్చిపోయిన కోడ్ అది. రేపు ఇంకో రూలు మారిన రోజు మళ్ళీ ఎవరో ఒకరు మర్చిపోతారు. ఆయన కూడా ఆ కోడ్ మీద ప్రేమతో అని ఉండరు. కళ్ళ ముందు కనిపించే కోడ్ కావాలని అలా అని ఉంటారు. ఆ కోరిక తీర్చడానికి వేరే దారులున్నాయి.

నేనైతే ముందు ఎక్టోలో సొంత టైపులు తయారు చేసుకునే దారి చూస్తాను. ఐఎఫ్‌ఎస్‌సీ అని ఒక మాడ్యూల్, పాన్ అని ఒకటి, పిన్ అని ఒకటి. ఒక్కో దాంట్లో నాలుగు చిన్న ఫంక్షన్లు: టైప్, క్యాస్ట్, లోడ్, డంప్. ఖాళీలు కత్తిరించడం, పెద్ద అక్షరాలు చేయడం, ఆకారం సరిచూడటం అన్నీ క్యాస్ట్‌లో పెట్టాలి. తప్పయితే ఎర్రర్ మెసేజ్ కూడా అక్కడి నుంచే ఇవ్వచ్చు. ఫీల్డుల పేర్లు, రకాలు రాసే స్కీమాలో ఆ ఫీల్డు పక్కన స్ట్రింగ్ అని రాసే బదులు ఈ టైపు పేరు రాస్తే చాలు, మిగతాది మామూలు క్యాస్టే చూసుకుంటుంది. మీ ఫారాల్లో ఫార్మాట్ లైన్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. మీరు కోరుకున్న క్లుప్తత వస్తుంది. జూనియర్ కుర్రాడు టైపు పేరు మీద క్లిక్ చేస్తే నేరుగా ఆ ఫైలుకే వెళ్తాడు.

కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది, ముందే చెబుతాను. టైపులోని క్యాస్ట్ ఫారం నింపినప్పుడే కాదు, డేటాబేస్ క్వెరీలో విలువ ఇచ్చినప్పుడు కూడా నడుస్తుంది. ఏఎన్‌డీబీ వద్దు అన్న రూలును టైపులో పెట్టారనుకోండి. రేపు మీ సపోర్ట్ టీమ్ పాత కోడ్‌తో నమోదైన షాపులేవో వెతుకుదామని ఏఎన్‌డీబీ కోడ్ ఇచ్చి క్వెరీ నడిపితే, ఆ క్వెరీయే విరిగిపోతుంది. సగం నింపి దాచుకునే డ్రాఫ్టు ఫారాలకూ ఇదే చిక్కు, టైపు సగం విలువను ఒప్పుకోదు. అందుకని ఎప్పటికీ మారని ఆకారం టైపులోకి, కాలాన్ని బట్టి మారే రూలు మామూలు ఫంక్షన్‌లోకి వెళ్ళాలి. పదకొండు అక్షరాలు, ఐదోది సున్నా అన్నది ఆకారం. కలిసిపోయిన బ్యాంకు కోడ్ తీసుకోం అన్నది కాలంతో వచ్చిన రూలు. ఈ విడదీత మీ మ్యాక్రోలో ఉండి ఉండదు, ఎందుకంటే అది అన్నింటినీ ఒకే గాటన కట్టింది.

రెండు ఫీల్డులను కలిపి చూసే రూళ్ళు కూడా ఫంక్షన్లలోకే వస్తాయి. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది ఆ వ్యాపారి పాన్ నంబరే. ఫారంలో పాన్ కూడా అడుగుతున్నారు కదా, రెండూ కలుస్తున్నాయా అని మీ 34 ఫారాల్లో ఎక్కడైనా చూస్తున్నారా? మీరు రాసిన వరసలో నాకు అది కనిపించలేదు. ఒక అంకె అటూ ఇటూ అయిన జీఎస్టీ నంబర్లు ఈ ఒక్క తనిఖీకే చాలా వరకు దొరికిపోతాయి. లైన్లు తగ్గించే ధ్యాసలో ఉంటే ఇలాంటి రూలు తట్టదు. రూళ్ళన్నీ ఒక ఫైల్లోకి తెచ్చి, తీరిగ్గా చదివితే తడుతుంది.

పేరు ఫీల్డు సంగతి కూడా ఒక మాట. తెలుగులో పేరు రాస్తే ఒప్పుకోవాలని చాలామంది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో 'ఏ భాష అక్షరమైనా సరే' అనే యూనికోడ్ గుర్తు పెడతారు. ఇంగ్లిష్ పేర్లతో టెస్టు చేసి బాగుందనుకుంటారు. "మూర్తి" అని కొడితే ఎర్రర్ వస్తుంది. యూనికోడ్ లెక్కలో అక్షరాలంటే మ, ర, త మాత్రమే. కొమ్ము దీర్ఘం, పొల్లు, గుడి వేరే తరగతికి చెందిన గుర్తులు, వాటికి విడిగా అనుమతి ఇవ్వాలి. పొడవు లెక్కలోనూ ఇలాంటిదే ఉంది. "శ్రీ" కంటికి ఒక్కటే, కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడి గుర్తులు) నాలుగు, బైట్లు పన్నెండు. ఎక్టో పొడవు తనిఖీ మామూలుగా కంటికి కనిపించే అక్షరాల ముక్కలను లెక్కపెడుతుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోడ్ పాయింట్లను లెక్కపెడుతుంది. ఫారం సరేనన్న పేరును డేటాబేస్ కాదనే పరిస్థితి రావచ్చు. ఇవన్నీ తెలిసినవాళ్ళు రాసిన ఒక్క ఫంక్షన్ టీమ్ మొత్తానికి ఉపయోగపడుతుంది. దాన్ని 34 చోట్ల కాపీ చేసినా పనికిరాదు, కోట్ లోపల దాచినా పనికిరాదు. పది మంది చదివి, ఇక్కడ తప్పుంది అని చెప్పగలిగే చోట ఉండాలి.

మీకు లైన్ల వరస కూడా తగ్గాలని గట్టిగా ఉంటే, రూళ్ళను డేటాగా రాసుకునే దారి ఉంది. ప్రతి ఫారం మాడ్యూల్ ఒక మామూలు ఫంక్షన్‌తో ఒక జాబితా ఇస్తుంది: ఈ ఫీల్డులు తప్పనిసరి, ఈ ఫీల్డుకు ఈ రూలు. ఇంకోచోట ఉన్న ఒకే ఫంక్షన్ ఆ జాబితాలోని రూళ్ళను ఒక్కొక్కటిగా తీసుకుంటూ (రెడ్యూస్) చేంజ్‌సెట్‌ను నడిపిస్తుంది. జాబితా డేటా కాబట్టి దాన్ని ప్రింట్ చేసి చూడొచ్చు, టెస్టు చేయొచ్చు, ఏ ఫారంలో ఏ రూలుందో పట్టిక తీసి ఆపరేషన్స్ వాళ్ళకు ఇవ్వొచ్చు. క్లోజర్ అనే ఇంకో ఫంక్షనల్ భాష వాళ్ళలోనూ ఇదే చర్చ నడిచింది. అక్కడి స్పెక్ లైబ్రరీ మ్యాక్రోల దారిలో వెళ్తే, మల్లీ లైబ్రరీ స్కీమాలను మామూలు వెక్టర్లుగా, అంటే డేటాగా రాస్తుంది. దీనికీ ఖర్చు ఉంది. జాబితాలో ఇమడని వింత రూలు ఒకటి వచ్చినప్పుడల్లా జాబితా భాషను పెంచుతూ పోతే, కొన్నాళ్ళకు మీరు ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషనే పోషిస్తూ ఉంటారు. వింత రూలు వస్తే జాబితా బయట మామూలు ఫంక్షన్‌గా రాయనివ్వండి.

మ్యాక్రోను పూర్తిగా వదులుకోవడం మీకు మనస్కరించకపోతే, దాన్ని పల్చగా చేసి ఉంచుకోవచ్చు. ఫారంలో రాసిన రూళ్ళను మాడ్యూల్ ఆట్రిబ్యూట్‌లో (కంపైల్ సమయంలో విలువ దాచుకునే చోటు) పోగు చేసి, చివర్లో ఆ జాబితాను తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్ మాత్రమే పుట్టించాలి. తనిఖీ పనంతా బయట మామూలు ఫంక్షన్లది. ఇలా చేస్తే మ్యాక్రో పదిహేను, ఇరవై లైన్లకు మించదు. దీనివల్ల ఒక నిజమైన లాభం ఉంది. స్కీమాలో లేని ఫీల్డు పేరు రూల్లో రాస్తే కంపైల్ దగ్గరే ఆపేయొచ్చు. అయితే ఎక్టో స్కీమాలు తమ ఫీల్డుల జాబితాను అడిగితే చెబుతాయి కాబట్టి, 34 మాడ్యూళ్ళనూ చుట్టి వచ్చే ఒక్క టెస్టుతో కూడా అదే రక్షణ దొరుకుతుంది. నన్నడిగితే టెస్టే రాస్తాను. పల్చటి మ్యాక్రో తప్పని మాత్రం అనను.

నేనూ ఒకప్పుడు ఇలాంటి పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అప్పుడు పనిచేస్తున్న చోట క్లోజర్‌లో, వచ్చే ఫైళ్ళలోని ప్రతి కాలమ్‌ను సరిచూసే మ్యాక్రో ఒకటి రాశాను. ఎంతో ఇష్టంగా రాశాను. రెండేళ్ళకు ఉద్యోగం మారాను. ఆ తర్వాత పాత సహోద్యోగి ఫోన్ చేసి, "నీ మ్యాక్రో ముట్టుకోవడానికి భయపడి, దాని పక్కన ఇంకో తనిఖీ రాసుకున్నాం, ఇప్పుడు రెండూ వేర్వేరు జవాబులిస్తున్నాయి" అని చెప్పాడు. రిపీటిషన్ పోగొట్టాలని రాసింది కాస్తా ఇంకో రిపీటిషన్‌కు కారణమైంది. ఆ రోజు చాలాసేపు మనసు పాడైంది.

మీ లీడ్ సంగతికి వస్తాను. ఆయనతో విడిగా మాట్లాడండి, మీటింగులో వద్దు, చాట్‌లో అసలే వద్దు. ముందు షాపాయన సంగతి చెప్పండి. తర్వాత, "పాత కోడ్ పెట్టలేను సార్, దానివల్లే ఆ రెండు రోజులు జరిగాయి. మ్యాక్రో తీసేస్తాను. రూళ్ళు ఒక్కచోట ఉండాలి, అదొక్కటి ఒప్పుకోండి" అని అడగండి. ఆయన చాలావరకు ఒప్పుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే ఆయన అడుగుతున్నదీ, మీరు అడుగుతున్నదీ ఎక్కడా ఢీకొనడం లేదు. అందరి ముందూ అన్న మాట గురించి కూడా అక్కడే చెప్పండి. "కోడ్ గురించి ఎంతైనా అనండి, నా ఉద్దేశం గురించి అందరి ముందూ అనకండి, నాకు కష్టంగా ఉంది." ఇంతే చాలు. ఆయన క్షమాపణ చెప్పకపోవచ్చు. కానీ విన్నాక ఎలా ఉంటారో గమనించండి. మళ్ళీ అలాగే అంటే, అప్పుడు మీ సమస్య మ్యాక్రోది కాదని తేలిపోతుంది, ఉద్యోగం సంగతి అప్పుడు ఆలోచించవచ్చు. ఇప్పుడు, నిద్రలేని రాత్రుల మధ్య రాజీనామా నిర్ణయం తీసుకోవద్దు.

మీ వైపు నుంచి కూడా ఒకటి బాకీ ఉంది. లీడ్ సెలవులో ఉండగా 34 ఫైళ్ళను ఒకేసారి మార్చే పని మెర్జ్ చేయకుండా ఉండాల్సింది. మీరు నిబంధన ఏదీ తప్పలేదు, సీనియర్ చూసి సరేనన్నారు. అయినా ఆయన్ను పక్కన పెట్టారన్న భావన ఆయనలో ఉండి ఉంటుంది. ఆ మాట మీరే ముందు అంటే, తర్వాతి మాటలు తేలికవుతాయి.

మీ ఆయన వదిలెయ్ అన్నది మీ టెన్షన్ చూడలేక అన్నారు. ఆయనకు ఆ షాపాయన ఫోన్ సంగతి చెప్పారా? చెప్పకపోతే ఇవాళ చెప్పండి. ఇంట్లో ఒకరికైనా, మీరు పట్టుదలకు పోవడం లేదని తెలియాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. 34 జోలికి వెళ్ళకండి. ఐఎఫ్‌ఎస్‌సీ ఒక్కటి తీసుకోండి, పదకొండు ఫారాలు. ఆకారానికి ఒక టైపు, పాత కోడ్‌లకు ఒక ఫంక్షన్, పదకొండు ఫారాల్లోనూ అవి ఉన్నాయో లేదో చూసే ఒక టెస్టు. చిన్న పుల్ రిక్వెస్ట్ (చూసి కలపమని పంపే మార్పు) అవుతుంది, లీడ్ పావుగంటలో చదవగలరు. కీబోర్డు మాత్రం మీరు పట్టుకోవద్దు. భోగి రోజు ఫోన్ చేసిన ఆ కుర్రాడికి ఇచ్చి, మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. అతను ఎక్కడ ఆగి మీ వైపు చూస్తాడో, అక్కడ పేరైనా మార్చండి, రెండు లైన్ల వివరణైనా రాయండి. అది అయ్యాక పాన్ తీసుకోండి.